మూడు వద్దుల సభ

"ఆ పుచ్చకాయ కింద పెట్టు మావా!" అన్నాడు రుద్రకేతు పళ్ళు బిగించి.

అప్పటికే ఆలస్యమైపోయింది. బుడ్డన్న సగం ముక్క కొరికేశాడు. ఎర్రటి రసం గడ్డం మీదుగా కారుతోంది. కోట వాకిట్లో కూర్చుని భోజనం చేస్తున్న కావలివాడు, తన పుచ్చకాయ ఎటు పోయిందో అర్థం కానట్టు ఖాళీ చేతులు చూసుకున్నాడు.

"వాడే కదరా తీసుకోమన్నాడు!" అన్నాడు బుడ్డన్న.

చుట్టూ ఉన్న భటులు ఈటెలు గలగలలాడేలా నవ్వారు. వాళ్ళ నాయకుడు మాత్రం నవ్వలేదు. లేచి దగ్గరకు వచ్చాడు.

"అర్దవాన దేశంలో మూడేళ్ళుగా కచేరీలు చేస్తున్నామన్నారు. మూడేళ్ళలో వద్దనడం నేర్చుకోలేదా తమరు?"

దొరికిపోయామనిపించింది రుద్రకేతుకు. అయినా పెద్దగా నవ్వేశాడు. "నాయకా, మా మావ ఆకలికి ఏ దేశపు మర్యాదా తెలియదు. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కోసం దాచిన హల్వా కూడా తినేశాడు. కావాలంటే ఇతన్ని తమరే ఉంచుకోండి. మీకే సమర్పణ!"

"అయ్యో, వద్దు వద్దు! అంతటి మనిషికి మేం తగం," అన్నాడు నాయకుడు అలవాటు కొద్దీ. అన్నాక తనకే నవ్వొచ్చింది. ఈటె పక్కకు జరిపాడు.

ముగ్గురూ ఉప్పుకోటలోకి అడుగుపెట్టారు.

మూడో మనిషి ఇంతవరకూ మాట్లాడలేదు. తలపాగా, ముఖానికి అడ్డంగా దుమ్ము గుడ్డ, చంకలో డఫ్ అనే పెద్ద గుండ్రటి డప్పు. చూసేవాళ్ళకు సన్నగా ఉన్న కుర్ర వాయిద్యగాడు. నిజానికి ఆమె ఆ దేశపు యువరాణి మహీన్‌దుఖ్త్. మాట్లాడకపోవడానికి కారణం, ఆమెకు గొంతు లేకపోవడం.

అర్దవాన దేశంలో రాజ్యం కత్తితో రాదు, పాటతో వస్తుంది. వసంతం మొదటి రోజున, పగలూ రాత్రీ సమానంగా ఉండే ఆ రోజు మధ్యాహ్నం, రాజవంశపు స్త్రీ రాజధానిలోని మహాగ్ని ముందు నిలబడి ఏడు చరణాలు పాడాలి. అది ఇప్పుడెవరూ మాట్లాడని పాత భాష. రాతలో లేదు. రాస్తే చచ్చిపోతుందని వాళ్ళ నమ్మకం. తల్లి ఒక్కో చరణం రెండుసార్లు పాడుతుంది, కూతురు పట్టుకుంటుంది. అలా తొమ్మిది వందల ఏళ్ళు వచ్చింది. ఈ చలికాలంలో మహారాణి కన్నుమూసింది. ఇప్పుడు లోకం మొత్తంలో ఆ భాష ఉన్నది ఒక్క మహీన్‌దుఖ్త్ గొంతులో.

ఆ గొంతునే దొంగిలించాడు అఫ్సూన్. ఉప్పుకోటకు ప్రభువు, మాంత్రికుడు. పరామర్శకు వచ్చి మహారాణి సమాధి దగ్గర సంతూర్ వాయించాడు. ఒక్కో తీగ మీద దెబ్బ పడినప్పుడల్లా యువరాణి గొంతు కొంచెం కొంచెంగా ఆ తీగల్లో ఒకదాంట్లోకి జారిపోయింది. పాట ముగిసేసరికి ఆమె నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

పాడవలసింది రేపు మధ్యాహ్నం. పాడలేకపోతే సింహాసనం అఫ్సూన్‌ది.

దక్షిణాదిన వేణీపురం నుంచి గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన రుద్రకేతుకు ఇందులో ఏ సంబంధమూ లేదు. పది రోజుల క్రితం ఎడారి సత్రంలో ఆమెను కిరాయి హంతకుల నుంచి కాపాడాడు. ఆమె ఇసుకలో వేలితో రాసి కథంతా చెప్పింది. చదివి లేచి, "పద, తెచ్చుకుందాం," అన్నాడు. అంతే సంబంధం.

నడవలో మలుపు తిరగ్గానే మహీన్‌దుఖ్త్ బుడ్డన్న కాలు గట్టిగా తొక్కింది.

"అబ్బా! తెలిసిందిలే తల్లీ!" అన్నాడు బుడ్డన్న ఎగురుతూ.

"మావా, మళ్ళీ చెప్తున్నా విను," అన్నాడు రుద్రకేతు గొంతు తగ్గించి. "ఈ దేశంలో నిప్పు ముందు ఇస్తానన్న మాట వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే మనిషి నీడ కాలిపోతుందట. అందుకే అందరూ జాగ్రత్త. ఎవరేమిచ్చినా మూడుసార్లు వద్దను. నీ దగ్గరున్నది ఎవరైనా మెచ్చుకుంటే 'మీదే' అను. వాళ్ళెలాగూ వద్దంటారు."

"అంటే ఇస్తానన్నవాడు ఇవ్వడు, తీసుకోమన్నది తీసుకోకూడదు. ఈ దేశంలో జనం భోంచేసి బతుకుతున్నారా, మర్యాదలు తిని బతుకుతున్నారా?"

"మెచ్చుకుంటే?"

"మీదే!"

"ఇస్తే?"

"వద్దు, వద్దు, వద్దు! చాలా?"

సభామందిరం తలుపులు తెరుచుకున్నాయి.

బుడ్డన్న నోరు కూడా తెరుచుకుంది. నెమలి మెడ రంగు పలకలు తాపడం చేసిన గోడలు, వాటి మీద తెల్లటి అక్షరాలు తీగల్లా పాకి పైకప్పు దాకా వెళ్ళి అక్కడ పూలుగా విచ్చుకున్నాయి. కప్పు మధ్యలో గుండ్రటి రంధ్రం. అందులోంచి ఎండ ఒక స్తంభంలా దిగుతోంది. నేలంతా తివాచీలు. ఒకదాని మీద నేసిన తోటలో దానిమ్మలు ఎంత నిజంగా ఉన్నాయంటే బుడ్డన్న వంగబోయి ఆగాడు. సభను నాలుగు భాగాలు చేస్తూ నాలుగు సన్నటి నీటి కాలువలు, నీటి మీద గులాబీ రేకులు. పండగ ముందు రోజు కనుక ఏడు వెండి పళ్ళేల్లో గోధుమ నారు, ఆపిల్ పళ్ళు, వెల్లుల్లి, సిర్కా అనే పులిసిన ద్రాక్షరసం లాంటివి అలంకరించి ఉన్నాయి. కాలువలు కలిసే చోట రాతి గద్దె, దాని మీద నిప్పు. ముక్కూ నోరూ కప్పుతూ తెల్లటి గుడ్డ కట్టుకున్న ఒక ముసలివాడు చందనం పుల్లలు వేస్తున్నాడు. తన ఊపిరి తగిలి నిప్పు మైలపడకూడదని ఆ గుడ్డ. ఆయన నిప్పు కాపరి దాద్వీర్. ఆ కోటలో అఫ్సూన్‌కు భయపడని ఒకే ఒక్క మనిషి.

"రండి, రండి! మీ అడుగు మా కంటి మీద!"

ఎదురొచ్చిన అఫ్సూన్‌ను చూసి రుద్రకేతు ఆశ్చర్యపోయాడు. మాంత్రికుడంటే గుంటకళ్ళూ పుర్రెల దండలూ ఊహించుకున్నాడు. ఇతను తెల్లటి గడ్డం, చల్లటి నవ్వు, పట్టు అంగీ. పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోబెట్టే పెద్దమనిషిలా ఉన్నాడు.

"మా ఇల్లు తమ అడుగుకు తగదు. మా షర్బత్ తమ పెదవికి తగదు," అన్నాడు అఫ్సూన్.

"వద్దు, వద్దు, వద్దు," అన్నాడు బుడ్డన్న గుక్క తిప్పుకోకుండా.

"ఇంకా ఇవ్వలేదు," అన్నాడు అఫ్సూన్ మృదువుగా.

కచేరీ మొదలైంది. రుద్రకేతు పిల్లనగ్రోవి తీశాడు. గుర్రపు పిల్లల్ని మచ్చిక చేయడానికి నేర్చుకున్న రెండే రాగాలు అటూ ఇటూ తిప్పి వాయించాడు. మహీన్‌దుఖ్త్ వేళ్ళు డఫ్ మీద వాన చినుకుల్లా పడ్డాయి. ఆమె ఉండబట్టి కచేరీ నిలబడింది. అఫ్సూన్ కళ్ళు మూసి తల ఊపుతున్నాడు.

రుద్రకేతు కళ్ళు మాత్రం ప్రభువు పక్కన పట్టుదిండు మీదున్న సంతూర్ మీదే ఉన్నాయి. పలచటి చెక్క పెట్టె, దాని మీద డెబ్బై రెండు తీగలు.

పాట ముగిసింది. రుద్రకేతు లేచి నిప్పుకు దగ్గరగా నడిచాడు. కాళ్ళు కాలేంత దగ్గరగా.

"ప్రభూ, ఇంత అందమైన సంతూర్ నేను ఏ దేశంలోనూ చూడలేదు!"

సభంతా తలలూపింది. మర్యాదగల మెచ్చుకోలు. దానికి మర్యాదగల జవాబు ఒకటే ఉంది. అరవై ఏళ్ళుగా ఆ జవాబు చెప్పని రోజు అఫ్సూన్ జీవితంలో లేదు. నాలుక తనంతట తానే కదిలింది.

"తమ చూపు పడ్డాక అది మాదెలా అవుతుంది? తమదే!"

"సరే," అన్నాడు రుద్రకేతు.

రెండడుగులు వేసి సంతూర్ ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

ఒక ముసలి సామంతుడి చేతిలోంచి బాదం పప్పులు జారి నేల మీద పడ్డాయి. ఆ దేశంలో తొమ్మిది తరాల్లో ఎవరూ ఆ మాటకు 'సరే' అనలేదు. డఫ్ వెనక మహీన్‌దుఖ్త్ భుజాలు నవ్వుతో కదిలాయి. ఇది ఆమె పన్నాగమే. సత్రం ఇసుకలో ఆమె రాసిన చివరి వాక్యం: 'వాడి మంత్రానికి విరుగుడు లేదు. వాడి మర్యాదకు ఉంది.'

అఫ్సూన్ నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది.

"సంతోషం. చాలా సంతోషం," అన్నాడు. తర్వాత తీరిగ్గా తల తిప్పి బుడ్డన్న వైపు చూశాడు. "అన్నట్టు, మీ డఫ్ వాయించే మనిషి ఎంత గొప్పవాడు! ఆ చేతుల నాజూకు రాజుల ఇళ్ళల్లో కూడా చూడలేదు."

రుద్రకేతుకు అప్పుడర్థమైంది. వాడికి మొదటినుంచీ తెలుసు! "మావా, వద్..."

"మీదే అనుకోండి!" అనేశాడు బుడ్డన్న, పాఠం అప్పజెప్పినంత గర్వంగా.

"సరే," అన్నాడు అఫ్సూన్.

బుడ్డన్న ఎగిరి ముందుకొచ్చాడు. "ఏంటి సరే? నువ్వు వద్దనాలి కదయ్యా! ఒరే కేతూ, వీడు వద్దనాలి కదరా!"

అఫ్సూన్ అప్పటికే మహీన్‌దుఖ్త్ ముఖం మీది గుడ్డ లాగేశాడు. సభ లేచి నిలబడింది. యువరాణి తల దించలేదు.

"మనిషి ఇచ్చి పుచ్చుకునే వస్తువు కాదు!" అని అరిచాడు రుద్రకేతు.

"నిప్పు ముందు అన్నారు మీ మావగారు. న్యాయం చెప్పాల్సింది దాద్వీర్‌గారు."

నిప్పు కాపరి చేతిలోని చందనం పుల్లను నిప్పులో వేశాడు. గుడ్డ వెనక నుంచి మాటలు మెత్తగా వచ్చాయి.

"మనిషిని ఇంకొకరు ఇవ్వలేరు. ఆ మనిషినే అడగాలి. మూడుసార్లు అడుగుతాను. నోటితో వద్దంటే ఆమె స్వేచ్ఛగా వెళ్ళొచ్చు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. ఇది పాత చట్టం. నేను చేసింది కాదమ్మా."

"ఆమెకు నోరెక్కడుంది?" అన్నాడు అఫ్సూన్ జాలిగా.

రుద్రకేతు మోకాళ్ళ మీద కూలబడి సంతూర్ నేల మీద పెట్టాడు. డెబ్బై రెండు తీగలు. వాటిలో ఒకదాంట్లో ఉంది ఆమె గొంతు. తప్పు తీగ తెంపితే దొంగిలించిన గొంతు మిగతా వాటిలో ముక్కలై పోతుందని ఆమె ముందే హెచ్చరించింది. సన్నటి వాయిద్యపు పుల్ల తీసుకుని చివరి నుంచి మీటసాగాడు. టింగ్. టింగ్. లోహం. లోహం.

"మహీన్‌దుఖ్త్, ఇతనితో ఉండటానికి ఒప్పుకుంటావా?" అని అడిగాడు దాద్వీర్.

ఆమె నోరు తెరిచింది. గాలి. డఫ్ మీద పిడిగుద్దులు కురిపించింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "నోటితో చెప్పాలి తల్లీ. మొదటిసారి అయింది."

ఇరవై తీగలు. ముప్పై. రుద్రకేతు నుదుటి చెమట చెక్క మీద పడుతోంది. "తొందరగా కానీరా, తొందరగా!" అని బుడ్డన్న ఏడుపు గొంతుతో వెనక నుంచి అంగీ పట్టి గుంజుతున్నాడు.

"రెండోసారి అడుగుతున్నాను." దాద్వీర్ ఒక్కో మాటకీ ఎంత ఎడం ఇవ్వొచ్చో అంతా ఇచ్చాడు. పుల్లలు సర్దాడు. దగ్గాడు. బూడిద తీశాడు. అయినా రెండోసారి కూడా అయిపోయింది.

యాభై. అరవై. అరవై ఒకటి.

అరవై రెండో తీగ మీద పుల్ల పడగానే సంతూర్‌లోంచి ఒక ఆడపిల్ల వెక్కిన చప్పుడు వచ్చింది.

కత్తులు వాకిట్లోనే తీసేసుకున్నారు. రుద్రకేతు తీగను పళ్ళ మధ్య బిగించి తల వెనక్కి విదిల్చాడు. తీగ పెదవిని కోసుకుంటూ తెగింది.

"మూడోసారి..."

"వద్దు!"

కోట గోడలు ప్రతిధ్వనించాయి. నెల రోజులుగా బిగబట్టిన గొంతు అది. నిప్పు నిలువెత్తున లేచింది. మహీన్‌దుఖ్త్ రెండు చేతులతో గొంతు పట్టుకుని, అది తనదేనా అన్నట్టు మళ్ళీ అంది, నెమ్మదిగా. "వద్దు. నేను రాను."

అఫ్సూన్ చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! కానీ ఆచారం మూడు వద్దులు. మూడు ప్రశ్నలకు ఒక్కటే జవాబు వచ్చింది. రెండుసార్లు ఒప్పుకుని మూడోసారి కాదంటే ఎలా?" అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అందరూ దాద్వీర్ వైపు చూశారు. డెబ్బై ఏళ్ళుగా నిప్పు ముందు తీయని గుడ్డను ముసలాయన కిందికి దించాడు. నిప్పు పక్కనే నిలబడి, సభకు తన బోసినోరు చూపిస్తూ అన్నాడు.

"గొంతు దోచుకుని అడిగిన రెండు ప్రశ్నలూ నేను అడగనట్టే. వస్తువు విషయంలో మూడు వద్దులు మర్యాద. మనిషి విషయంలో ఒక్క వద్దు చాలు. నా మైల ఊపిరికి శిక్ష నేను పడతాను. అఫ్సూన్, ఆమె చెయ్యి వదులు!"

అఫ్సూన్ వదల్లేదు. వదలకపోవడమంటే నిప్పు ముందు తీర్పును కాదనడం. గద్దె మీంచి ఒక మంట పాములా పాకి వచ్చి నేల మీది అతని నీడను అంటుకుంది. నీడ భగ్గున కాలింది. మర్యాద కూడా దాంతోనే కాలిపోయినట్టు అతని నోటివెంట బండబూతు ఒకటి వచ్చింది. పట్టు అంగీ చీలి రెండు పెద్ద తోలు రెక్కలయ్యాయి. యువరాణిని నడుం దగ్గర పట్టుకుని ఎండ దిగే రంధ్రంలోంచి ఆకాశంలోకి దూసుకుపోయాడు.

"గుర్రాలు!" అని అరిచాడు రుద్రకేతు.

కోట వాకిట్లో ఎవరూ అడ్డురాలేదు. పుచ్చకాయ పోగొట్టుకున్న కావలివాడు స్వయంగా రెండు గుర్రాల కళ్ళాలు తెచ్చి చేతిలో పెట్టాడు. "తీసుకోండి," అన్నాడు. "ఈసారి నిజంగానే."

బయట ఉప్పు మైదానం మీద సుడిగాలి లేచింది. మాంత్రికుడు లేపిందే. తెల్లటి దుమ్ములో చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. పైన ఎగిరేవాడి నీడ చూసి వెంబడిద్దామంటే వాడికిప్పుడు నీడ లేదు.

"ఎటురా?" అని దగ్గుతూ అరిచాడు బుడ్డన్న.

అప్పుడు వినిపించింది పాట.

ఎక్కడో పైనుంచి, ఈశాన్యం వైపు నుంచి. రుద్రకేతుకు ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా మధ్య మధ్య ఒక మాట, తమ ఊరి పురోహితుడి మంత్రంలోని మాటే దూరదేశంలో పుట్టి పెరిగి యాస మార్చుకుని వచ్చినట్టు తగిలింది. గుర్రం డొక్కలో మడమలు గుచ్చాడు. పాట కుడికి తిరిగితే కుడికి, ఎడమకు తిరిగితే ఎడమకు. గుర్రాల గిట్టల కింద ఉప్పు పొర పెంకుల్లా పగులుతోంది. ఒకచోట బుడ్డన్న గుర్రం ముందుకాళ్ళ దాకా బురదలో దిగబడింది. తోక పట్టుకుని లాగి బయటపడేశారు. మళ్ళీ పరుగు. రెండు ఆమడలు పోయేసరికి దుమ్ము అణిగింది.

ఆకాశం ఖాళీగా ఉంది.

పాట మాత్రం వినిపిస్తూనే ఉంది, నేల కింద నుంచి.

ఎదురుగా మైదానం మీద పెద్ద చీమలపుట్టల్లాంటి మట్టిదిబ్బలు, ఒకే వరసలో, కొండల దాకా. ఒక్కో దిబ్బ మధ్యలో ఒక్కో బావి నోరు. దూరపు కొండ నుంచి ఊళ్ళకు నీళ్ళు తేవడానికి తాతల కాలంలో భూమి లోపల తవ్విన కాలువ అది. కరేజు అంటారు. పైన కనిపించేవి గాలి కోసం తవ్విన బావులు. లోపలిది ఆమడల పొడవు చీకటి.

ప్రతి బావిలోంచీ పాట వస్తోంది.

రుద్రకేతు మొదటి బావి అంచున బోర్లా పడుకుని చెవి పెట్టాడు. రెండో బావి. మూడోది. నాలుగో బావి దగ్గర పాట స్పష్టంగా ఉంది. అక్కడ తల ఎత్తి మావ వైపు చూశాడు. ముఖం మారిపోయింది.

"ఏంట్రా?"

"విన్నావా? ఒక చరణం పాడుతోంది. మళ్ళీ అదే చరణం పాడుతోంది. ఆగి, తర్వాతిది. అదీ రెండుసార్లు."

"అయితే?"

"దారి చూపించడానికి పాడటం లేదు మావా. నేర్పుతోంది. వాళ్ళమ్మ నేర్పినట్టే. తను బయటికి వస్తానని అనుకోవడం లేదు. ఇక్కడ మనం తప్ప వినేవాళ్ళు లేరని, మనకే అప్పజెబుతోంది."

బుడ్డన్న ముక్కు చీదాడు. "నాకా? నేను మా పెళ్ళిరోజే గుర్తుపెట్టుకోలేను కదరా! ఇందాక ఒక్క మాటకే ఆ పిల్లను వాడి చేతుల్లో పెట్టాను."

కింద పాట ఆగింది. ఎదురుచూస్తున్నట్టుగా ఆగింది.

రుద్రకేతు బావిలోకి వంగి, కోసుకుపోయిన పెదవితో, తప్పులతోనే, మొదటి చరణం పాడాడు. అర్థం లేకుండా, ఎక్కడ విరవాలో తెలియకుండా పాడాడు. చీకట్లోంచి చిన్న చప్పుడు వచ్చింది. నవ్వో, ఏడుపో తెలియలేదు. తర్వాత ఆ గొంతు తప్పు పోయిన చోట మాత్రం మళ్ళీ పాడింది, నిదానంగా, సరిచేస్తూ. అతను సరిగ్గా అన్నాకే రెండో చరణానికి వెళ్ళింది.

రెండు చరణాలు అయ్యాయి. మూడోది మొదలైందో లేదో, లోపల నీళ్ళు తన్నుకుని పైకి లేస్తున్న హోరు వినిపించింది. దాని వెనకే రెక్కల చప్పుడు. మాంత్రికుడు కాలువ గేటు తెరిచాడు!

రుద్రకేతు రెండు గుర్రాల కళ్ళాలూ జీను తాళ్ళూ ముడివేసి నడుముకు చుట్టుకున్నాడు. కొస మావ చేతిలో పెట్టాడు.

"మావా, ఈ రెండు చరణాలూ నీ దగ్గర పెట్టుకో. నోరు ఆపకు. ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పకు, అంటూనే ఉండు. మిగతా అయిదూ నేను తెస్తాను. ఆమెతో సహా."

"తాడు చాలదురా కేతూ! సగం లోతుకు కూడా..."

రుద్రకేతు దిగిపోయాడు.

తాడు బుడ్డన్న అరచేతులు కాలుస్తూ జారింది. బారెడు, రెండు బారలు, పది బారలు. చివరి ముడి వచ్చి ఆగింది. తాడు బిగిసి, ఒక్కసారి ఊగి, తేలికైపోయింది. కింద నీళ్ళలోకి మనిషి దూకిన చప్పుడు.

బుడ్డన్న అరవలేదు. పేరు పెట్టి పిలవలేదు. ఖాళీ తాడు రెండు చేతులా పట్టుకుని, బావి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తనకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో మొదటి చరణం అందుకున్నాడు.